గంజాయి కేసు ఎవరి చేతిలో ఉంటుంది? పోలీసు, ఈగల్, నేవీ, కోస్ట్‌గార్డ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కోర్టులో ఎన్‌డీపీఎస్, అంటే మత్తుమందుల చట్టం కింది కేసుల కట్టలు తిరగేసే పని నాది. అందుకని పెళ్ళికెళ్ళినా, పరామర్శకెళ్ళినా ఎవరో ఒకరు పక్కకు లాగి "ఈ ఈగల్ వాళ్ళు పోలీసులేనా? నేవీ వాళ్ళకి డ్రగ్స్‌తో పనేంటి? ఆర్మీని దింపితే నెలలో తేలిపోదూ?" అని అడుగుతుంటారు. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పలేక ఒకచోట రాసిపెడుతున్నాను. ఇది న్యాయ సలహా కాదు, కేసు మీద పడితే మీ వకీలు దగ్గరికే వెళ్ళండి.

అసలు డ్రగ్స్ పట్టుకునే అధికారం ఎవరెవరికి ఉంది?

చాలామందికి ఉంది, తికమకంతా అక్కడే మొదలవుతుంది. 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ఈ పనిని ఏ ఒక్క శాఖకో రాసివ్వలేదు. రాష్ట్రంలో పోలీసులు, ఎక్సైజ్ వాళ్ళు పట్టుకోవచ్చు. కేంద్రం నుంచి నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో ఉంది, అందరూ ఎన్‌సీబీ అంటారు, 1986లో పెట్టారు, హోంశాఖ కింద పనిచేస్తుంది. డీఆర్ఐ (రెవెన్యూ ఇంటెలిజెన్స్), కస్టమ్స్ ఆర్థికశాఖ కిందివి. గ్వాలియర్‌లో సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ అని ఇంకోటి ఉంది, మధ్యప్రదేశ్, రాజస్థాన్, యూపీల్లో లైసెన్సు మీద సాగయ్యే నల్లమందును ముఖ్యంగా అదే చూసుకుంటుంది. ఇవి కాక సరిహద్దుల్లో బీఎస్ఎఫ్, ఎస్ఎస్‌బీ, అస్సాం రైఫిల్స్, సముద్రం మీద కోస్ట్‌గార్డ్, రైళ్ళలో ఆర్పీఎఫ్, దేశభద్రత కోణం కనిపిస్తే ఎన్ఐఏ. వీళ్ళందరికీ ఈ చట్టం కింద అధికారాలిచ్చారు.

కానీ పట్టుకునే అధికారం వేరు, దర్యాప్తు చేసి చార్జిషీటు వేసే పని వేరు. సరిహద్దులో బీఎస్ఎఫ్ జవాను ప్యాకెట్ పట్టుకుంటే ఆ సరుకూ మనిషీ మామూలుగా స్థానిక పోలీసుల చేతికో ఎన్‌సీబీ చేతికో వెళ్తాయి. మొత్తం వ్యవస్థ ఇలా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అప్పగించడం మీదే నడుస్తుంది. కేసులు చిరిగేది కూడా ఎక్కువగా ఆ అతుకుల దగ్గరే, కిందికి వెళ్ళాక చెప్తాను.

ఇంతమంది ఉంటే ఎవరి మాట ఎవరు వింటారు?

అందుకే 2016లో ఎన్‌కార్డ్ అని ఒక సమన్వయ ఏర్పాటు చేశారు, 2019లో దాన్ని నాలుగు అంచెలుగా మార్చారు. వాటిలో అన్నిటికన్నా పైన కేంద్ర హోం కార్యదర్శి, రాష్ట్రంలో చీఫ్ సెక్రటరీ, జిల్లాలో కలెక్టర్. జిల్లా మీటింగులో ఎస్పీతో పాటు ఎక్సైజ్, వ్యవసాయం, అటవీ, వైద్య శాఖల వాళ్ళు కూర్చుంటారు. ప్రతి రాష్ట్రంలోనూ పోలీసుల్లో ప్రత్యేకంగా యాంటీ నార్కోటిక్స్ టాస్క్‌ఫోర్స్ ఉండాలన్నది కేంద్రం చెప్పిన ఇంకో మాట. పెద్ద కేసులు రాష్ట్రాలు దాటిపోతే చూడటానికి ఎన్‌సీబీ డీజీ ఆధ్వర్యంలో ఒక కమిటీ ఉంది.

కాగితం మీద బాగానే ఉంటుంది. నన్నడిగితే జిల్లా మీటింగ్ ఎంత గట్టిగా జరిగిందన్నది కలెక్టర్‌ని బట్టే ఉంటుంది. కొన్నిచోట్ల టీ బిస్కెట్లతో ముగుస్తుంది.

ఈగల్ అంటే ఏంటి? ఆంధ్రాలో, తెలంగాణలో ఉన్నది ఒకటేనా?

డ్రగ్స్ కోసమే పెట్టిన పోలీసు విభాగం పేరది. పేరు ఒకటే, సంస్థలు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో ఈగల్ పెట్టారు, అమరావతి కేంద్రంగా ఐజీ స్థాయి అధికారి కింద, జిల్లాల్లో నార్కోటిక్స్ సెల్స్‌తో. అంతకుముందు మద్యం, ఇసుక, గంజాయి అన్నీ కలిపి చూడటానికి 2020లో పెట్టిన ఎస్ఈబీ (స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో) ఉండేది, 2024లో దాన్ని ఎత్తేశారు. నా ఉద్దేశంలో అది మంచిపనే, ఇసుక లారీ వెనక పరిగెత్తేవాడికి గంజాయి ముఠా గుట్టు కనిపెట్టే తీరిక ఎక్కడిది?

తెలంగాణలో 2023లో నార్కోటిక్స్ బ్యూరో పెట్టారు, 2025 జూన్ 26న దానికే ఈగల్ అని పేరు మార్చారు. ఇద్దరూ పోలీసులే. డ్రగ్స్ తప్ప వేరే డ్యూటీ వేయకూడదన్నదే అసలు ఆలోచన. మామూలు స్టేషన్లో ఎస్సైకి గంజాయి కేసు మధ్యలో బందోబస్తు వస్తుంది, జాతర వస్తుంది, వీఐపీ వస్తాడు. సగం కేసులు ఆ హడావుడిలోనే నీరుగారిపోతాయి.

మన్యంలో గంజాయిని ఇన్నేళ్ళు ఎందుకు ఆపలేకపోయారు?

మ్యాప్ తీసి చూడండి. అల్లూరి జిల్లాలో చింతపల్లి, జీకే వీధి, ముంచంగిపుట్టు, పెదబయలు. గట్టు దాటితే ఒడిశాలో కోరాపుట్, మల్కన్‌గిరి. మల్కన్‌గిరిలో బలిమెల రిజర్వాయర్ నీళ్ళు చుట్టుముట్టి బయటి లోకంతో తెగిపోయిన ప్రాంతాన్ని 'కటాఫ్ ఏరియా' అనేవారు, 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచేదాకా అక్కడికి పడవలే దిక్కు. పైగా దశాబ్దాల తరబడి మావోయిస్టుల పట్టున్న ప్రాంతం. పోలీసు జీపు వెళ్ళాలంటే ముందు మందుపాతర గురించి ఆలోచించాల్సి వచ్చేది, తర్వాతే మొక్క గురించి. గ్రేహౌండ్స్, సీఆర్పీఎఫ్ అక్కడ ఉన్నా వాళ్ళు వచ్చింది మావోయిస్టుల కోసం, గంజాయి కోసం కాదు.

2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో ఆంధ్రా పోలీసులు, ఎస్ఈబీ వాళ్ళు కలిసి ఊరూరా దిగి వేల ఎకరాల్లో తోటలు నరికించారు. కొన్ని ఊళ్ళలో గిరిజనులే కత్తులు పట్టుకొచ్చి తమ మొక్కలు తామే నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేసారి తగలబెట్టారు. ఇప్పుడు డ్రోన్లతో, ఉపగ్రహ చిత్రాలతో కొండవాలు తోటల్ని వెతుకుతున్నారు.

ఆంధ్రా వైపు సాగు బాగా తగ్గిందని అధికారులు చెప్తున్నారు. ఒడిశా వైపు పండిన సరుకు మాత్రం మన రోడ్లమీదుగానే కిందికి దిగుతుంది, అందుకే తోటలు పోయినా లోడ్లు పట్టుబడుతూనే ఉన్నాయి. పోలీసు చేతిలో లేనిది ఇంకోటుంది, కాఫీకో రాజ్‌మాకో గంజాయంత డబ్బు రాదు. చట్టం సర్పంచులకీ గ్రామాధికారులకీ కూడా ఒక బాధ్యత పెట్టింది, అక్రమ సాగు తెలిస్తే వెంటనే చెప్పాలని 47వ సెక్షన్. చెప్పి మళ్ళీ అదే ఊళ్ళో బతకాల్సింది వాళ్ళే కదా, ఆ ముక్క చట్టంలో లేదు.

చెక్‌పోస్టు దగ్గర నిజంగా ఏం జరుగుతుంది?

మా బాబాయి నర్సీపట్నం వైపు వీఆర్వోగా చేశాడు, అర్ధరాత్రి ఎన్నిసార్లు లేపుకెళ్ళారో లెక్కలేదు. ఎందుకంటే సోదాకి మధ్యవర్తులు కావాలి, అంటే సాక్షులు, ఊళ్ళో ఎవరూ రారు, ఇక దొరికేది వీఆర్వోనే.

ఆయన చెప్పే దృశ్యం ఇదీ. ముందు ఒక బైకో కారో ఖాళీగా వెళ్తుంది, దాన్ని 'పైలట్' అంటారు, రోడ్డు మీద పోలీసులున్నారో లేదో చూసి వెనక బండికి ఫోన్ చేయడం వాడి పని. తెలివైన సీఐ పైలట్‌ని ఆపకుండా వదిలేసి వెనకొచ్చే వ్యాన్‌ని ఆపుతాడు. పైన పనసకాయలో కొబ్బరిబోండాలో, కింద చెక్క తీస్తే గోధుమరంగు టేపు చుట్టిన ప్యాకెట్లు, ఇటుకల్లా వరసగా, ఒక్కోటి ఇంచుమించు రెండు కిలోలు. మిషన్లో వేసి గట్టిగా నొక్కుతారు కాబట్టి చిన్నగా ఉంటాయి, ఎత్తితే బరువు తెలుస్తుంది. వాసన మాత్రం టేపు ఆపలేదు. ఆ రాత్రి తొడుక్కున్న చొక్కా రెండుసార్లు ఉతికినా పిన్ని ఇంట్లోకి రానిచ్చేది కాదట.

తర్వాత ఎలక్ట్రానిక్ కాటా. ప్రతి ప్యాకెట్‌కీ నెంబరు, బరువు, చీటీ, మధ్యవర్తుల సంతకాలు, లక్క సీలు. రోడ్డు పక్కన టార్చిలైట్ కింద ఎస్సై పంచనామా చెప్తుంటే కానిస్టేబుల్ రాస్తాడు, చినుకులు పడుతుంటే బానెట్ మీద పెట్టుకుని రాస్తాడు. 2024 జులైలో సీఆర్పీసీ స్థానంలో బీఎన్ఎస్ఎస్ చట్టం వచ్చాక సోదా మొత్తం వీడియో తీయాలి కూడా.

ఇంత చేశాక కూడా కోర్టులో కేసు ఎందుకు కొట్టేస్తున్నారు?

అందరూ కోపంగా అడిగే ప్రశ్న ఇది. 'డబ్బులు తినేసుంటారు' అన్నది తేలిక జవాబు, అప్పుడప్పుడూ నిజం కూడా అయ్యుండొచ్చు. కానీ నేను చూసిన కట్టల్లో ఎక్కువ భాగం పడిపోయింది కాగితం దగ్గర. ఈ చట్టంలో శిక్షలు చాలా పెద్దవి, 20 కిలోలు దాటిన గంజాయికి కనీసం 10 ఏళ్ళు, 20 ఏళ్ళ దాకా, పైన లక్ష నుంచి 2 లక్షల జరిమానా. బెయిల్ కూడా 37వ సెక్షన్ వల్ల చాలా కష్టం. అంత కఠినం కాబట్టే పద్ధతి తు.చ. తప్పకుండా పాటించాలని కోర్టులు పట్టుబడతాయి.

ముందుగా సమాచారం అందితే దాన్ని రాతలో పెట్టాలి, 72 గంటల్లో పై అధికారికి నకలు పంపాలి. అది 42వ సెక్షన్. సూర్యాస్తమయం తర్వాత వారంట్ లేకుండా సోదా చేస్తే ఎందుకు ఆగలేకపోయారో కారణం కూడా రాయాలి. రోడ్డు మీద పట్టుకున్నాం, అది బహిరంగ స్థలమే కదా, ఇవన్నీ ఎందుకు అనుకుంటారు చాలామంది ఎస్సైలు. సొంత కారు రోడ్డు మీద ఆగి ఉన్నంత మాత్రాన బహిరంగ స్థలం కిందికి రాదని 2021లో బూటా సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, 42ను పాటించలేదని ఆ నిందితుల్ని వదిలేసింది.

ఇక 50వ సెక్షన్. మనిషి ఒంటిమీద సోదా చేసేముందు "నిన్ను గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో సోదా చేయమని అడిగే హక్కు నీకుంది" అని చెప్పి తీరాలి, 1999లో బల్‌దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన మాట. ఒంటికే, బ్యాగుకి కాదు. నేను చదివిన ఒక కట్టలో ఒడియా తప్ప ఇంకేమీ రాని కుర్రాడు "హక్కు గురించి తెలుగులో చెప్పగా అర్థం చేసుకుని వద్దన్నాడు" అని రాసి సంతకం పెట్టించారు, జడ్జిగారు ఆ లైను దగ్గరే ఆగిపోయారు.

మూడోది 52ఏ. శాంపిల్ మేజిస్ట్రేట్ ఎదుట తీయాలని 2016లో మోహన్‌లాల్ కేసులో చెప్పారు, 2022లో రూల్స్ వచ్చాయి. అయినా కొంతకాలం రోడ్డు పక్కనే అన్ని ప్యాకెట్ల నుంచీ గుప్పెడు తీసి కలిపేసి శాంపిల్ అనేవాళ్ళు. చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు, కొసలు లేకుండా ఒట్టి ఆకులు, గింజలు అయితే లెక్కలోకి రావు. 22 కిలోలు అని తూచినదాంట్లో కాడలు, ఆకులు వేరు చేసి తూచలేదని వాదిస్తే 20 కిలోల గీత దగ్గర కేసు ఊగుతుంది.

ఇంకొకటి, 2020లో తూఫాన్ సింగ్ తీర్పు. ఎన్‌సీబీ, డీఆర్ఐ అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు ఇక సాక్ష్యంగా చెల్లదు. అప్పటిదాకా ఆ వాంగ్మూలాల మీదే నడిచిన కేసులు ఎన్నో ఉండేవి.

నేవీ, కోస్ట్‌గార్డ్ ఎందుకు వస్తున్నారు మధ్యలో?

సరుకు సముద్రం మీద వస్తోంది కాబట్టి. 2023 మేలో కేరళ తీరానికి దూరంగా ఒక ఓడలో సుమారు 2,500 కిలోల మెథాంఫెటమైన్ (మెత్ అనే రసాయన డ్రగ్) దొరికింది, ఆపరేషన్ సముద్రగుప్త్ పేరుతో ఎన్‌సీబీ, నేవీ కలిసి చేసినది. 2024 ఫిబ్రవరిలో గుజరాత్ వైపు 3,300 కిలోలు, అందులో ఎక్కువ భాగం చరస్. అదే ఏడు నవంబరులో అండమాన్‌లో బారెన్ ద్వీపం దగ్గర ఒక చేపల పడవ తేడాగా తిరుగుతోందని కోస్ట్‌గార్డ్ డోర్నియర్ విమానం కనిపెట్టింది, ఆపి చూస్తే సుమారు 6 టన్నుల మెత్, ఆరుగురు మయన్మార్ వాళ్ళు.

ఇక్కడ పని పంపకం చూడండి. ఎన్‌సీబీకి సమాచారం ఉంటుంది కానీ ఓడ ఉండదు, నేవీకి ఓడ ఉంటుంది కానీ కేసు పెట్టే పని దానిది కాదు. కాబట్టి ఎన్‌సీబీ ఆచూకీ చెప్తుంది, నేవీ వెళ్ళి ఆపి ఒడ్డుకు తెచ్చి అప్పగిస్తుంది. కోస్ట్‌గార్డ్ రక్షణశాఖ కిందిదే అయినా దానికి చట్టం కింద సోదా, స్వాధీనం అధికారాలు నేరుగా ఉన్నాయి. అండమాన్ కేసు మాత్రం తర్వాత అక్కడి పోలీసుల చేతికే వెళ్ళింది. అమెరికాలోనూ ఇంచుమించు ఇదే తీరు, నేవీ ఓడలో కోస్ట్‌గార్డ్ బృందం ఎక్కి వెళ్తుంది, అరెస్టు చేసేది ఆ బృందమే.

ఆర్మీని దింపేస్తే పోలా?

దింపిన దేశాన్ని చూద్దాం. మెక్సికోలో 2006 డిసెంబరులో అధ్యక్షుడు కాల్డెరోన్ మిచోవకాన్ రాష్ట్రానికి సైన్యాన్ని పంపాడు, ఆ తర్వాతి ఏళ్ళలో హత్యలు తగ్గకపోగా విపరీతంగా పెరిగాయి. పెద్ద నాయకుల్ని చంపితే ముఠాలు ముక్కలై ముక్కకో యుద్ధం మొదలుపెట్టాయి. అంతకుముందే సైన్యంలో ప్రత్యేక దళాల నుంచి పారిపోయినవాళ్ళే 'జెటాస్' ముఠాకి పునాది. అంటే ప్రభుత్వం ఇచ్చిన శిక్షణే ముఠా చేతికి వెళ్ళింది.

సైనికుడికి శత్రువును ఎదుర్కోవడం నేర్పుతారు, 42వ సెక్షన్ కింద కారణాలు రాయడం నేర్పరు. మన దగ్గర సరిహద్దు దళాలని సరిహద్దు దగ్గరే ఉంచారు, ఆ పనే వాళ్ళకి తలకు మించి ఉంది. 2024లో ఒక్క పంజాబ్ సరిహద్దులోనే బీఎస్ఎఫ్ 290కి పైగా డ్రోన్లు పట్టుకుంది.

ముంద్రాలో దొరికిన హెరాయిన్‌కి విజయవాడతో సంబంధం ఏంటి?

2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో డీఆర్ఐ రెండు కంటైనర్లు విప్పితే సుమారు 2,988 కిలోల హెరాయిన్ బయటపడింది. అఫ్ఘానిస్థాన్ సరుకు, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా టాల్కం రాళ్ళ పేరుతో వచ్చింది. దిగుమతి చేసుకున్న కంపెనీ చిరునామా విజయవాడది. సరుకు ఇక్కడికి రాలేదు, కాగితం మాత్రమే వాడుకున్నారు. కేసు తర్వాత ఎన్ఐఏ తీసుకుంది. ఎవరైనా వచ్చి "మీ పేరు మీద ఒక చిన్న ఎక్స్‌పోర్ట్ ఇంపోర్ట్ లైసెన్స్ తీద్దాం, నెలనెలా డబ్బిస్తాం" అంటే ఎందుకు జాగ్రత్తపడాలో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

కెమికల్ డ్రగ్స్ సంగతి?

తెలంగాణలో పెద్ద తలనొప్పి ఇదే. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల పరిశ్రమ పెద్దది, మూతపడ్డ యూనిట్ అద్దెకి తీసుకుని రాత్రిళ్ళు రియాక్టర్ నడిపితే బయటికి తెలియదు. ఆల్ప్రాజోలం అనే మత్తిచ్చే మందు అలా తయారై కల్తీ కల్లులోకి వెళ్తుంది. ఇలాంటిచోట తుపాకీ ఉన్నవాడికన్నా కెమిస్ట్రీ తెలిసినవాడే పనికొస్తాడు, అందుకే డ్రగ్స్ కంట్రోల్ అధికారులు పక్కన లేకుండా ఆ రెయిడ్లు సాగవు.

ఎప్పుడు చూసినా డ్రైవర్లు, కూలీలే దొరుకుతారేం?

వ్యాన్‌లో ఉండేది వాళ్ళే కాబట్టి. ట్రిప్పుకి కొన్ని వేలు ఇస్తామంటే ఎక్కినవాడికి సరుకు ఎవరిదో కూడా సరిగ్గా తెలియదు. పెట్టుబడి పెట్టినవాడిని పట్టుకోవడానికి చట్టంలో ఆయుధాలున్నాయి. 27ఏ కింద డబ్బు పెట్టడమే నేరం. 68ఎఫ్ కింద డ్రగ్స్ డబ్బుతో కొన్న ఇల్లు, పొలం, బంగారం స్తంభింపజేయొచ్చు, చెన్నైలో ఇందుకోసమే ఉన్న అధికారి దాన్ని 30 రోజుల్లోగా ఖరారు చేయాలి. పదేపదే దొరికేవాళ్ళని 1988 నాటి పిట్ ఎన్‌డీపీఎస్ అనే ముందస్తు నిర్బంధ చట్టం కింద విచారణ లేకుండానే నిర్బంధించవచ్చు. కాల్ డేటా, యూపీఐ లెక్కలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని నెలలు కూర్చోవాలి, ఫొటోకి పనికిరాని పని. కిలోల పక్కన నిలబడి ప్రెస్‌మీట్ పెట్టినంత సులువు కాదు. ఈగల్ లాంటి విడి దళం పెట్టినందుకు ఫలితం కనిపించాల్సింది ఇక్కడే.

మా పిల్లాడి దగ్గర చిన్న ప్యాకెట్ దొరికింది, జీవితం పోయినట్టేనా?

కంగారు పడకండి, కానీ తేలిగ్గానూ తీసుకోకండి. గంజాయి కిలో లోపు చిన్న పరిమాణం, ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. హెరాయిన్‌కి ఆ గీత 5 గ్రాములు, ఎండీఎంఏకి (ఎక్స్‌టసీ అనే పార్టీ డ్రగ్) అర గ్రాము మాత్రమే, పిల్లలకి తెలియనిది ఇదే. అలవాటు పడినవాడు చిన్న పరిమాణం కేసులో తనంతట తాను చికిత్సకి వస్తే 64ఏ కింద విచారణ నుంచి మినహాయింపు ఉంది. స్నేహితుడికి పంచాడని రాస్తే మాత్రం కథ మారిపోతుంది. స్టేషన్లో తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దని వాడికి చెప్పండి.

సమాచారం ఇస్తే నా పేరు బయటపడుతుందా?

ఫోన్ చేయాల్సిన నంబర్లు ఇవీ: ఆంధ్రాలో 1972, తెలంగాణలో 1908, దేశమంతటికీ ఎన్‌సీబీ వాళ్ళ మానస్ హెల్ప్‌లైన్ 1933. సమాచారం ఎక్కడిదో చెప్పమని అధికారిని కోర్టు కూడా బలవంతం చేయలేదని 68వ సెక్షన్‌లో ఉంది. ఊళ్ళో ఎస్సైకి నోటితో చెప్పడం కన్నా ఈ నంబర్లే మేలు, నా అనుభవం అంతే.

పట్టుకున్న సరుకు ఏమవుతుంది?

మేజిస్ట్రేట్ ధ్రువీకరించాక కాల్చేయాలి, కేసు తేలేదాకా దాచక్కర్లేదు. దాస్తే ఏమవుతుందో చూడండి, 2022లో మథుర పోలీసులు 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని కోర్టుకు చెప్పారు.

మధ్యవర్తిగా సంతకం పెడితే తర్వాత ఇబ్బందా?

ఇబ్బంది అంటే తిరుగుడు. బాబాయి రిటైరయ్యాక కూడా సమన్లు వచ్చాయి, ఎన్నో ఏళ్ళ కిందటి కేసుకి. బోనులో నిలబెట్టి "ఆ రాత్రి ఎన్ని ప్యాకెట్లు, సీలు మీద ఏ అక్షరం ఉంది" అని డిఫెన్స్ వకీలు అడిగాడు. ఆయనకి వాన గుర్తుంది, వ్యాన్ మీద పనసకాయలు గుర్తున్నాయి, డ్రైవర్ కుర్రాడు మంచినీళ్ళు అడగడం గుర్తుంది. పంచనామా చేతికిస్తే చూసి సంతకం తనదేనన్నాడు, అంకెలు మాత్రం గుర్తులేవన్నాడు.